తాత ముట్టని ఇంజను

మా తాత ఎసిల్ఫీకి కోపం రాలేదంటే జ్వరం వచ్చిందని అర్థం. అలాంటి రోజు ఇంట్లో అందరం కంగారుపడి వేపాకు కాచేవాళ్లం. మిగతా రోజుల్లో ఆయన నోట పడని మనిషి, మేక, కెరటం మా మోరీ ఊళ్లో లేవు. కాకుల్ని కూడా వాటి తాతముత్తాతలతో కలిపి తిట్టేవాడు.

ఒడ్డు మీద ఇంజన్లు బాగుచేయడం ఆయన పని. పడవ వెనక భాగంలో పక్కన బిగించి నీళ్లలోకి దించే నలభై గుర్రాల ఇంజన్లు, అన్నీ టూ స్ట్రోకులే. పెట్రోల్లో నూనె కలిపి పోస్తే చాలు, ఆ రెండూ కలిపి తాగి, నీలం పొగ కక్కుతూ, కొండ మీది చర్చి గంటను కూడా విననివ్వకుండా అరుచుకుంటూ పోయేవి. ఆ అరుపును బట్టి ఏ పడవ వస్తోందో తాత మంచం మీద పడుకునే చెప్పేవాడు.

"అది అబాకా పడవ. రెండో ప్లగ్గు దగ్గుతోంది. వాడికి చెప్పాను, వినడు. మునగనీ" అని గోడవైపు తిరిగేవాడు.

"ప్లగ్గు కాదు తాతా, అబాకాయే దగ్గుతున్నాడు" అనేదాన్ని నేను. నేను ఆయన కూతురి కూతుర్ని, ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఇంట్లో ఆయనకు తగులుకున్నదాన్ని. ఆ మాటకు చెప్పు ఎగిరి వచ్చేది. అది ఎప్పుడూ నాకు జానెడు పక్కన పడేది. ఇంజను సూదిని కంటితో సరిచేసే మనిషికి గురి కుదరక కాదు.

మా కుటుంబం పడవ పేరు 'శత్రువు దేవుడు కాడు'. పడవ అందరిదీ అయినా పెత్తనం తాత అక్క ఎకువా మాన్సాది. ఆవిడను నేను మాన్సా అవ్వ అంటాను. చేపలకు పొగపెట్టి అమ్మడంలో ఆవిడను మించినవాళ్లు ఊళ్లో లేరు. ముప్పై ఏళ్ల పొయ్యి పొగకి ఆవిడ కళ్లు ఎర్రబడిపోయి, కోపం లేనప్పుడు కూడా కోపంగా ఉన్నట్టే కనిపించేవి. ఉన్నప్పుడు ఎలా కనిపించేవో చూడటానికి ఎవరూ అక్కడ నిలబడేవారు కాదు. పడవకి సరంగు ఆవిడ కొడుకు ఎకో బాబాయి. మా దగ్గర మగవాడికి వారసుడు అక్క కొడుకే. అంటే తాత పోతే ఆయన స్పానర్ల పెట్టె, ఊరంతటితో ఆయన పెట్టుకున్న తగాదాలు ఎకో బాబాయికే దక్కుతాయి.

అక్కాతమ్ముళ్ల గొడవ మొదలైంది పాత ఇంజను చచ్చిన రోజున. పంతొమ్మిదేళ్లు దాన్ని తాతే బతికించుకొచ్చాడు. దానిలో కంపెనీ చేసిన భాగం కంటే తాత చేసిన భాగమే ఎక్కువ. ఒక ఆగస్టులో, చేపలు దండిగా పడే రోజుల్లో, ఒడ్డు కనపడనంత దూరంలో దాని ఇనప దిమ్మ నిలువునా పగిలింది. పదకొండు మంది రెండు రోజులు కొట్టుకుపోయారు. చివరికి అబాకా పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. ఒడ్డు నిండా జనం. మాన్సా అవ్వ ముందు కొడుకు వైపు చూసింది, తర్వాత ఇంజను వైపు చూసింది, తర్వాత తమ్ముడి వైపు చూసింది.

"రోగి చచ్చాడు. డాక్టరు మాత్రం పులిసిన మొక్కజొన్న కెంకీ ముద్దలు మింగి నిగనిగలాడుతున్నాడు" అంది.

అబాకా మనుషులు ఇసుక మీద కూర్చుని మరీ నవ్వారు. ఆరోజు నుంచి తాత అక్కతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే తిట్టలేదని కాదు. ఆ వారమే ఒక ఆడ గొర్రెను కొనుక్కొచ్చి, దానికి మాన్సా అని పేరు పెట్టి, సరిగ్గా అవ్వ పొగ పొయ్యిలకు ఎదురుగా కట్టేశాడు.

"ఒసే మాన్సా, ఎంత తింటావే. ఇంటిల్లిపాదినీ తినేసి ఇంకా గడ్డికి ఏడుస్తావా" అని పొద్దున్నే దానికి మేత వేసేవాడు. గొర్రె పాపం చాలా మర్యాదస్తురాలు. తలెత్తకుండా తినేది. పొయ్యి దగ్గర అవ్వ కూడా తలెత్తేది కాదు. కట్టెలు మాత్రం పెళపెళా విరిచేది.

మంగళవారం మా వాళ్లెవరూ సముద్రం మీదికి వెళ్లరు. ఆ రోజు సముద్రానిది. వలలు ఒడ్డున పరుచుకుని చిరుగులు కుడతారు, కుటుంబంలో చిరుగులుంటే అవి కూడా ఆ రోజే కుట్టుకుంటారు, లేదంటే ఇంకాస్త చించుకుంటారు. ఆ మంగళవారం కొబ్బరాకుల పందిరి కింద అందరం కూర్చున్నాం. తాత, అవ్వ రెండు బారల దూరంలో ఒకరికొకరు వీపు చూపించుకుని కూర్చున్నారు. మధ్యలో నేను.

"మీ తాతకి చెప్పు. ఈసారి ఫోర్ స్ట్రోకు తెస్తున్నాం, తక్కువ తాగేది" అంది అవ్వ.

"తాతా, ఈసారి..."

"నాకు చెవుడేం లేదు. ఆవిడకి చెప్పు, ముందు శవపేటికలు తెప్పించుకుని ఆ తర్వాత ఇంజను తెచ్చుకోమని."

"అవ్వా, ముందు..."

"విన్నాలే. మీ తాత ఇంజను తాగుబోతని చెప్పు. ఒడ్డు పంపులో నూనె కలిపిన పెట్రోలు వస్తే వచ్చినట్టు, లేకపోతే నాలుగు రోజులు డబ్బాలు వరసలో పెట్టుకుని కాపలా. వచ్చినదంతా దూరం వేటకి ఒక్కసారికే తాగేస్తుంది. పీపాలు మోయడానికే పడవ సరిపోతోంది, చేపలు ఎక్కడ పోస్తాం, దాని నెత్తినా?"

"ఆవిడ ఇంజను బరువెంతో అడుగు" అన్నాడు తాత. "నాది ఒక్కడు భుజాన వేసుకుని కెరటంలోంచి నడిచొస్తాడు. దానికి ఇద్దరు కావాలి. ఇద్దరి కాళ్లు ఒక్కలా పడతాయా ఇసుకలో? పడతారు, ఇంజనుతో సహా పడతారు. నాది మునిగితే ప్లగ్గులు విప్పి, తలకిందులు చేసి, మంచినీళ్లతో కడిగి సాయంత్రానికి అరిపిస్తాను. దాన్ని ఎవడు బాగుచేస్తాడు? టెమా పట్నం నుంచి చొక్కా వేసుకున్నవాడు రావాలి. వాడు వచ్చేలోగా చేపలు పిల్లలు పెట్టి ఆ పిల్లలకి పెళ్లిళ్లు కూడా అవుతాయి."

ఎకో బాబాయి వల సూది ఆపాడు. "మామయ్యా, ఇప్పుడు చేపలు దగ్గర్లో లేవు. మీ రోజుల్లో ఇక్కడే ఉండేవి. మేం ఒక రాత్రంతా పోతే గాని వల వెయ్యలేం. అంత దూరం నుంచి తిరిగి రావాలి కదా, పెట్రోలు అయిపోతే ఏం తాగించమంటారు దానికి, మీ తిట్లా?"

"ఎప్పుడైనా తాగించి చూశావురా? అవీ మండుతాయి" అన్నాను నేను, తాత గొంతు అనుకరిస్తూ. అందరూ నవ్వారు. అవ్వ కూడా మూతి తిప్పుకుని నవ్వింది. అదే నేను చేసిన తప్పు. నవ్వు వినగానే తాత లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ సమాధి మీద ప్రమాణం. ఆ ఇంజను మీద నా చెయ్యి పడితే ఆ చెయ్యి కుళ్లిపోవాలి. అది చచ్చినా ముట్టను, బతికినా ముట్టను."

అవ్వ ముఖంలో నవ్వు పోయింది. వాళ్లమ్మ ఇద్దరికీ అమ్మే కదా. "మీ తాతకి చెప్పు" అంది నెమ్మదిగా, "ముట్టమని ఎవరూ బతిమాలలేదని."

ఇంజను వచ్చింది. తెల్లగా, కొత్త పెళ్లికొడుకులా మెరుస్తూ, లావుగా. ఇద్దరు మోసుకొచ్చి పందిరిలో కొయ్య దిమ్మకు బిగించారు. జనమంతా చూసి వెళ్లిపోయాక, పొద్దు వాలేవేళ తాత వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, శవాన్ని చూడటానికి వచ్చిన ఇష్టంలేని చుట్టంలా చుట్టూ తిరిగాడు. ఒకచోట వంగాడు. అక్కడ అరచేయంత కాగితం ఒకటి అంటించి ఉంది, ఏవో బొమ్మలతో. చాలాసేపు చూసి "ఊఁ" అన్నాడు. అంతే.

మర్నాడు రంగులు వేసే కోజో వచ్చాడు. కొత్త ఇంజను మీద పడవ పేరు రాయించకుండా మా దగ్గర ఎవరూ నీళ్లలో దించరు. పేరు లేని ఇంజను దిక్కులేని బిడ్డ. ఎర్రటి అక్షరాలు, చుట్టూ పసుపు అంచు, మధ్యలో ఒక కన్ను. తాత కొంచెం దూరంలో నిలబడి చూస్తున్నాడు.

"ఆ మూల వదిలేశావేం? నిండా వెయ్యి" అన్నాడు.

కోజో ఆశ్చర్యపోయాడు. ఆయన నోటి నుంచి తిట్టు లేని వాక్యం వినడం అతనికి అదే మొదటిసారి. సంతోషంగా ఆ మూల కూడా నింపేశాడు. నేను కూడా అనుకున్నాను, ముసలాయన మెత్తబడుతున్నాడని. నా తెలివి అంతవరకే.

మూడు వారాలు ఆ ఇంజను మా తాత పరువు రోజూ తీసింది. ఒక్క పీపా పెట్రోలుతో పోయి, చేపలు నింపుకుని, కాస్త మిగుల్చుకుని మరీ వచ్చేది. చప్పుడు లేదు, పొగ లేదు. అబాకా మనుషులు వచ్చి దాని చుట్టూ చేతులు కట్టుకుని తిరిగారు. పందిరిలో కూర్చున్న కుర్రాళ్లు తాత వెళుతుంటే ముక్కు మూసుకుని, "అబ్బా, ఎక్కడో టూ స్ట్రోకు పోతోందిరా" అనేవారు.

"మొరగని కుక్కని నమ్ముకోండి, దొంగ వచ్చాక తెలుస్తుంది" అని తాత వెళ్లిపోయేవాడు.

కానీ ఒక సంగతి నాకు అర్థం కాలేదు. పడవ వచ్చే వేళకు ఆయన రోజూ ఏదో ఒక వంకతో ఒడ్డుకు వచ్చేవాడు. మా దగ్గర ఇంజను పడవ మీద వదలరు, ప్రతిసారీ విప్పి ఒడ్డుకు మోస్తారు. మోసేవాడు కుడి భుజం మీద పెట్టుకుని, కుడి మోకాలి మీదుగా జార్చి ఇసుకలో పడుకోబెడతాడు. తరతరాలుగా అంతే. మా ఒడ్డున నలభై ఇంజన్లుంటే నలభయ్యీ ఒకే పక్కకు తిరిగి పడుకుంటాయి, గేరు పిడి ఇసుకలోకి ఉండేలా. ఈ కొత్తదాన్ని ఇద్దరు మోసినా, ముందున్నవాడిది అలవాటైన కుడి భుజమే, అలవాటైన మోకాలే. ఇంజను ఆ పక్కకు వాలగానే తాత ఒక చిన్న నవ్వు నవ్వేవాడు. పిల్లి పాలగిన్నె మీది మూత జరగడం చూసినట్టు. తర్వాత ఇంటికి వచ్చి గొర్రెకి ఒక పిడికెడు మేత ఎక్కువ వేసేవాడు.

"ఏంటి తాతా, సంతోషంగా ఉన్నావ్? జ్వరమా?" అని అడిగాను.

"నోర్మూసుకుని గడ్డి తే."

నాలుగో వారం సోమవారం మధ్యాహ్నం. తాత పడుకుని ఉన్నాడు. పడవ వస్తున్న చప్పుడు నాకు వినపడలేదు, ఆ ఇంజనుది ఎవరికీ వినపడదు. తాత మాత్రం లేచి కూర్చున్నాడు.

"టక్కుమంటోంది" అన్నాడు.

"ఏది?"

తాత కిటికీ దగ్గరికి వెళ్లాడు. పడవ వెనక తెల్లటి పొగ సన్నగా లేస్తోంది. కుర్రాళ్లు ఆ పొగ చూపించుకుని, "మీ మామయ్య దిష్టి తగిలింది సరంగూ" అని నవ్వుతున్నారు. తాత నవ్వలేదు. ఆ సాయంత్రం గొర్రెకి మేత కూడా వెయ్యలేదు.

మంగళవారమంతా ఆయన తిండి ముట్టలేదు. మధ్యాహ్నం నన్ను అడిగాడు, "రేపు ఎకో ఎక్కడికి పోతున్నాడు?"

"మూడు రోజుల వేట. మంచుపెట్టె నింపుతున్నారు. ఎప్పుడూ పోయేదానికంటే దూరమట."

కాసేపు చేతులు చూసుకుని లేచాడు. నేను వెనకాలే పోయాను. ఎకో బాబాయి వల మడత పెడుతున్నాడు.

"రేపు పోవద్దు" అన్నాడు తాత.

"ఎందుకు మామయ్యా?"

తాత నోరు తెరిచాడు. ఏం వస్తుందా అని చూశాను. "ఆ ఇంజను దరిద్రపుది" అన్నాడు.

"నెల రోజులుగా అదే చెబుతున్నారు."

"బుర్ర ఉంటే వినరా గొడ్డూ. పోవద్దంటే పోవద్దు."

"ఏమైందో చెప్పండి, ఆగుతాను. ఇంజనుకి ఏమైనా అయిందా? చూస్తారా?"

"నేను ముట్టను దాన్ని."

"అయితే ఇంటికెళ్లి మీ గొర్రెని తిట్టుకోండి" అని ఎకో బాబాయి మళ్లీ వల అందుకున్నాడు. కుర్రాళ్లలో ఎవరో గొర్రెలా అరిచారు. తాత ఇంటివైపు తిరిగాడు. ఆయన దగ్గర తిట్టు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

బుధవారం తెల్లవారుతూనే ఒడ్డుకు వెళ్లాం. మంచుపెట్టె ఎక్కించారు, ఇంజను బిగించారు, పదకొండు మంది పడవకు భుజాలు ఆనించారు. కింద దుంగలు కదలడం మొదలయ్యాయి. అప్పుడు తాత వచ్చి పడవ ముందు నిలబడ్డాడు. మంచి బట్ట కట్టుకుని ఉన్నాడు, చావుకు పోయేవాడిలా. భుజం మీది బట్ట నడుముకు దించి ఊరి ఒట్టు పెట్టాడు.

"ఈ పడవ కదలకూడదు. ఊరి ఒట్టు."

ఆ ఒట్టు ఊరికే నోటితో పలికే మాట కాదు మాకు. మా తాతముత్తాతలు మూకుమ్మడిగా చచ్చిన రోజు పేరు చెప్పి పెట్టే ఒట్టు అది. అది వినపడ్డాక ఎవరి చేతిలో పని అక్కడ ఆగిపోవాలి. ముందు వేటగాళ్ల పెద్ద దగ్గర తీర్పు కావాలి, ఆ తర్వాతే ఏదైనా. వేసినవాడి మాట తప్పని తేలితే ఊరి ముందు పరువూ పోతుంది, తప్పు కింద ఒక గొర్రే పోతుంది. పదకొండు మంది భుజాలు పడవ మీద నుంచి దిగాయి. మాన్సా అవ్వ అలలాగా మీదికి వచ్చింది.

"మీ తాతని అడుగు" అంది నాతో. "నా కొడుకు నోటి దగ్గర కూడు లాక్కోవడానికి ఇప్పుడు ఊరి ఒట్టు కూడా కావాల్సి వచ్చిందా అని అడుగు."

నేను అడగలేదు. కొన్ని మాటలు మోయడం నాకూ చేతకాదు.

వేటగాళ్ల పెద్ద అమిసా ఇంటి ముంగిట్లోకి ఇంజనును కూడా మోసుకొచ్చారు, దిమ్మకు నిలబెట్టి బిగించారు. పెద్దతో ఎవరూ నేరుగా మాట్లాడరు. పక్కన ఉన్న మనిషికి చెబితే అతను ఆయనకు చెబుతాడు. మాకు అది కొత్తేమీ కాదు, ఇంట్లో నెలరోజులుగా నేను చేస్తున్న ఉద్యోగమే.

"పడవ ఎందుకు ఆపావో చెప్పమంటున్నారు" అన్నాడు ఆ మనిషి.

"ఎకోకి చెప్పండి. మూత తియ్యమనండి. పక్కన పచ్చ పిడి ఉన్న పుల్ల ఉంటుంది, లాగమనండి" అన్నాడు తాత, చేతులు వెనక్కి కట్టుకుని.

ఎకో బాబాయి లాగాడు. సన్నటి ఇనప పుల్ల. చివర మాత్రం చీమ తల అంత నల్లగా తడి. మిగతాదంతా ఎండు.

"ఏంటిది?"

"దాని కడుపులో నూనె కొలిచే పుల్ల. మా ఇంజన్లలా అది పెట్రోల్లో నూనె తాగదు. దాని నూనె దానికి విడిగా ఉండాలి. లేదు. ఇవాళ పొద్దున వెళ్లి ఉంటే మధ్యాహ్నానికి బిగుసుకుపోయేది. ఒడ్డు కనపడని చోట."

నూనె విడిగా చూడాలన్న ధ్యాస మా ఒడ్డున ఎవరికి ఉంటుంది? పెట్రోల్లో పోసి ఊపేయడమే అందరికీ తెలుసు.

"కొన్నప్పుడు నిండా ఉంది. ఎక్కడికి పోయింది?" అన్నాడు ఎకో బాబాయి.

"మీరే పారబోశారు. గేరు పిడి ఇసుకలోకి పెట్టి పడుకోబెడుతున్నారు. అలా పడుకుంటే నూనె పిస్టన్ల మీదికి పాకుతుంది, మర్నాడు తాడు లాగగానే పొగై పోతుంది. రోజుకింత. పిడి ఆకాశం వైపు ఉండాలి దానికి. నమ్మకపోతే ఆ రంగు గీకండి. చివరి అక్షరం పక్కన మూల."

ఎకో బాబాయి వల కోసే కత్తితో గీకాడు. పసుపు ఊడింది, ఎరుపు ఊడింది. కింద కాగితం. రెండు ఇంజన్ల బొమ్మలు, రెండూ పడుకుని ఉన్నాయి. ఒకదాని మీద ఒప్పు, ఒకదాని మీద ఇంటూ గుర్తు. ఇంటూ ఉన్నది అచ్చం మా ఒడ్డున పడుకున్నట్టే పడుకుని ఉంది.

పెద్ద అమిసా ఈసారి మధ్యలో మనిషిని పట్టించుకోలేదు. "ఎసిల్ఫీ, ఈ బొమ్మ నువ్వు ఎప్పుడు చూశావ్?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే చూశానంటే అయిపోతుంది. నాకైతే ఆయన అలా చెబితే బాగుండుననే అనిపించింది.

"రంగు వేయకముందు" అన్నాడు తాత. "ఆ మూల నింపమని కోజోకి చెప్పింది కూడా నేనే."

ఎకో బాబాయి చేతిలో కత్తి అలాగే ఉంది. కింద పెట్టాలని ఆయనకు తోచలేదు. "మేం పదకొండు మందిమి మామయ్యా" అన్నాడు.

"నాకు తెలుసు."

"రోజూ వచ్చి నిలబడి చూసేవాడివి. మేం దాన్ని పడుకోబెడుతుంటే నవ్వేవాడివి. చేపలు చూసి నవ్వుతున్నావనుకున్నా."

"మొదటి వారమే చస్తుందనుకున్నా" అన్నాడు తాత, నేలకేసి చూస్తూ. "ఒడ్డు దగ్గర, అందరి ముందూ. ఒడ్డు దగ్గర చచ్చే ఇంజను ఎవర్నీ చంపదు. మీ అమ్మ మొహం చూడాలనుకున్నా, అంతే. ఇన్నాళ్లు నిలుస్తుందనుకోలేదు." చేపముల్లు ఉమ్మినట్టు అన్నాడు, "మంచి ఇంజనే."

పెద్ద తీర్పు చెప్పాడు. ఒట్టు నిజం కాబట్టి ఒట్టుకు తప్పు లేదు. నోరు మూసుకున్నందుకు తప్పు ఉంది. జన్మలో నోరు మూసుకోనివాడు మూసుకోకూడని చోట మూసుకున్నాడు కాబట్టి ఒక గొర్రె, రెండు జిన్ను సారా సీసాలు. గొర్రె మాంసం పదకొండు మంది ఇళ్లకూ పంచాలి.

"గొర్రె ఉందా నీ దగ్గర?" అని మధ్య మనిషి అడిగాడు. ఊరందరికీ తెలుసు ఉందని. దాని పేరేమిటో కూడా తెలుసు. ఒక్కరూ నవ్వలేదు, అది చాలా కష్టమైంది.

మర్నాడు అవ్వ తన వాటా తనే వండుకుని, గిన్నె తెచ్చుకుని మా గుమ్మం ముందే కూర్చుని తింది.

"మీ తాతని అడుగు, నా తొడ మెత్తగా ఉడికిందా అని."

"ముసలి మాంసం, పళ్లలో ఇరుక్కుంటోందని చెప్పు" అన్నాడు తాత లోపల నుంచి. ఆయన తినలేదు, నేను చూశాను. అవ్వ పంపిన ముక్కను నా గిన్నెలోకి తోశాడు.

అవ్వ వేళ్లు నాక్కుని లేచింది. "ఇంజను ఉంటుంది. అదే ఉంటుంది. ఇక ముందు కూడా ఆ జాతే తెస్తాం, మీ తాతని ఆ ఆశ వదులుకోమను. రేపటి నుంచి పడవ వచ్చే వేళకి ఆయన ఒడ్డున ఉండాలి. సరిగ్గా పడుకోబెట్టించాలి. పుల్ల తీయించి చూడాలి."

"ముట్టనని అమ్మ మీద ప్రమాణం చేశాను" అన్నాడు తాత. నాతో కాదు, అక్కతోనే. నెలన్నరలో మొదటి మాట.

అవ్వ నాకేసి చూసే సమాధానం చెప్పింది. "ముట్టమన్నదెవరు? నోరుందిగా. ఆ ఒక్క ఇంజనూ ఎప్పుడూ చెడిపోలేదు."

అలా మా తాత మళ్లీ ఒడ్డుకు వచ్చాడు, చేతిలో ఒక పొడుగాటి కర్రతో. పడవ రాగానే కర్ర ఇసుకలో పొడిచి మొదలుపెడతాడు. "పిడి పైకిరా. పైకంటే ఆకాశం, నీ పొట్ట కాదు. నీ ఎడమ భుజం ఎవడికి తాకట్టు పెట్టావురా, దాని మీదికి మార్చు." మోసేవాళ్లు తిరిగి తిడతారు. ఎడమ భుజం నేర్చుకోవడానికి వాళ్లకు రెండు నెలలు పట్టింది. మా ఒడ్డున ఇప్పటికీ ముప్పై తొమ్మిది ఇంజన్లు ఒక పక్కకు, ఒక్కటి ఇంకో పక్కకు పడుకుంటాయి.

ఎకో బాబాయి ఆరు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, కానీ మామయ్యా అనడు. "ఏయ్ ముసలోడా, పుల్ల చూడు" అంటాడు. పుల్ల తీసి ఆయన మొహానికి అడ్డంగా పట్టుకుంటాడు. తాత వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, చూసి "ఊఁ" అంటాడు. వాళ్లిద్దరి మధ్య మిగిలింది అంతే.

మొన్న మండుటెండలో అందరూ తిండికి వెళ్లిపోయారు. ఇంజను మీద కప్పే గుడ్డ గాలికి జారి పక్కన పడింది. తాత అటూ ఇటూ చూశాడు. నేను పడవ చాటున ఉన్నానని ఆయనకు తెలీదు. కర్ర కొసతో ఆ గుడ్డ అంచు పట్టుకుని, కొంచెం కొంచెంగా, ఎక్కడా వేలు తగలకుండా, దాని మీదికి లాక్కొచ్చి కప్పాడు. కప్పాక కర్రతోనే నాలుగు మూలలూ సర్దాడు. అంతా అయ్యాక దాని మీద ఉమ్మబోయి, ఎందుకో ఆగి, పక్కన ఇసుకలో ఉమ్మేసి ఇంటికి వెళ్లిపోయాడు.